మొలకలు తుంచే బుధవారం

నాలుగో బేసిన్‌లోకి నీళ్ళు పట్టి, భానుమతి పెసర మొలకల సంచీని తలకిందులు చేసి కుమ్మరించింది. తెల్లటి మొలకలు పైకి తేలాయి, ఆకుపచ్చ పొట్టు అంచుకు చేరింది. ఆఫీసు వంటగదిలో సింకు చిన్నది. బేసిన్ సగం సింకులో, సగం ఆమె పొట్టకు ఆని ఉంటుంది. ప్రతి బుధవారం ఆమె కమీజు ముందు భాగం తడుస్తుంది, మధ్యాహ్నానికి ఆరుతుంది. ఆ పని ఆమెకెప్పుడూ విసుగనిపించలేదు. ఇవాళ మాత్రం ఆమె జల్లెడను సింకు అంచుకేసి కొట్టిన చప్పుడుకు, పక్కన కాఫీ కలుపుకుంటున్న అకౌంట్స్ అమ్మాయి ఉలిక్కిపడి కప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

కోపానికి కారణం తలుపు మీద ఉంది. నిన్న సాయంత్రం ఎవరో పోస్టరు అంటించి పోయారు. పైన పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న అమ్మాయి, కింద నల్ల గళ్ళ చదరం. 'ఫోన్ తగ్గించుకోవాలనుకుంటున్నారా? అయితే ఈ కోడ్ స్కాన్ చేయండి.' భానుమతి దాన్ని రెండుసార్లు చదివింది. చేతులు తుడుచుకోకుండానే వెళ్ళి, పై మూల పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. సగమే ఊడింది. అమ్మాయి నవ్వు తలుపుకే ఉండిపోయింది. దాన్ని గోటితో గీకుతుంటే, ఎడమ బొటనవేలి గోరు మధ్యలో ఉన్న పాత చీలిక చురుక్కుమంది.

ఆ చీలిక ఫ్యాక్టరీ నాటిది. మలయ్ దేశంలోని పెరాక్‌లో కొబ్బరి ఎస్టేటు మీద పుట్టి, అక్కడి తెలుగు బడిలో రెండు వాచకాలు చదివి, పందొమ్మిదో ఏట వంతెన దాటి సింగపూరు వచ్చింది. మొదట టీవీల ఫ్యాక్టరీలో టంకం పని చేసింది. తరవాత ఈ కాలేజీలో టైపిస్టుగా చేరింది. క్లెమెంటిలో ఈ భవనం కట్టక ముందునుంచీ ఆమె ఉంది. ఆమె పదవి పేరు చాలాసార్లు మారింది. స్టూడెంట్ అఫైర్స్ క్లర్కు, అసిస్టెంటు, ఎగ్జిక్యూటివ్. ఇప్పుడు 'వెల్‌బీయింగ్' అని ఒక మాట ముందు చేరింది. కౌంటరూ, కుర్చీ మాత్రం మారలేదు. పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. కళ్ళజోడుకు తాడు కట్టి మెడలో వేసుకుంటుంది. ఇంట్లోనే వేసుకునే రంగు నుదుటి మీదికి దిగి, జుట్టు అంచున ఎప్పుడూ నల్లటి చార ఉంటుంది. హౌగాంగ్‌లో మూడు గదుల ఫ్లాటు. భర్త కేశవన్ తువాస్ ఓడల యార్డుకు కూలీల బస్సు నడుపుతాడు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కంచం ముందు ఫోను నిలబెట్టుకుని చేపలు పట్టే వీడియోలు చూస్తాడు. నిన్న ఉప్పు వేయడం మరిచిన పులుసును కూడా మాట్లాడకుండా తినేశాడు. ఆమె ఆయన ముందునుంచి కంచం లాగేసింది. అప్పుడు తలెత్తి, "ఏమైంది?" అన్నాడు.

మొలకల పని మొదలైంది ఉమైమా వల్ల.

పోయినేడు పరీక్షల రోజున ఆ అమ్మాయి కౌంటరు ముందుకొచ్చి నిలబడింది. హైదరాబాదు నుంచి వచ్చి, క్లెమెంటిలో ఒక గది అద్దెకు తీసుకుని చదువుకుంటోంది. బక్కపలచని పిల్ల, చెంపలకు అతుక్కున్న హిజాబు, నిద్రలేక ఎర్రబడ్డ కళ్ళు. పరీక్ష హాలు బయట మెట్ల మీద కూర్చుని, ఒక్క నిమిషం చూద్దామని ఫోను తెరిచిందట. తలెత్తేసరికి లోపల్నుంచి పిల్లలు పరీక్ష రాసి బయటికొస్తున్నారు. అది చెప్పి, ఏడవడం కూడా చేతకానట్టు నిలబడింది. ఆ రోజు భానుమతి ముందు, రాత్రి వంటకని తెచ్చుకున్న మొలకల పొట్లం ఉంది. భోజనం వేళలో మొలకల చివరన ఉండే వేరు తోకలు తుంచుతోంది. ఏం చెప్పాలో తెలియక కుర్చీ జరిపి, "ముందు కూర్చోమ్మా. ఇవి తుంచు" అంది. ఉమైమా కూర్చుంది. చేతులు తడిగా ఉంటే ఫోను ముట్టుకోలేరన్న సంగతి ఆ రోజు ఇద్దరికీ తెలిసింది. పొట్లం అయిపోయేసరికి ఆ పిల్ల ఆకలేస్తోందంది.

తరవాత ఇంకో ఇద్దరు వచ్చారు. తరవాత తొమ్మిదిమంది. కాలేజీ క్యాంటీన్లో మలయ్ అన్నం అమ్మే కల్సోమ్ రోజూ మొలకలు వాడుతుంది. బుధవారం నాటివి ఇక్కడికి పంపుతుంది. వంటగది పక్క గదిలో పిల్లలు ఫోన్లు బీరువాలో పెట్టి, బల్ల చుట్టూ కూర్చుని తోకలు తుంచుతారు. తుంచుతూ మాట్లాడుకుంటారు. ఎవరు ఈ వారం ఎంత జారారో, ఎందుకు జారారో చెప్పుకుంటారు. భానుమతి ఎవరినీ మానేయమని అనలేదు, తగ్గించమనే అంది. పడుకునేటప్పుడు ఫోను వంటింట్లో పెట్టమంది. ఒకడు యాప్‌లన్నీ తీసేసి లైబ్రరీ కంప్యూటర్లోనే చూసుకుంటున్నాడు. ఒకమ్మాయి తెరను నలుపు తెలుపు చేసుకుంది. మళ్ళీ పడిపోయి, మళ్ళీ వచ్చేవాళ్ళున్నారు. వాళ్ళనెవరూ తిట్టరు. అక్కడ ఉన్న ఒకే ఒక్క నియమం అది.

పన్నెండు దాటింది. బల్ల చుట్టూ తొమ్మిది కుర్చీలు వేసి ఉన్నాయి. వచ్చింది ముగ్గురు.

"మిగతావాళ్ళేరి? ఉమైమా ఏదీ?"

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇక్కడే పుట్టి పెరిగిన మీనాకు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది.

"ఆంటీ, యూ డిడ్ంట్ సీ ఆ? ద వీడియో?"

"ఏ వీడియో?"

మీనా లేచి బీరువాలోంచి తన ఫోను తీసింది. బుధవారం ఆ గదిలో ఫోను వెలగడం అదే మొదటిసారి.

కాలేజీ పేజీలోనే ఉంది. తడి చేతులు, మొలకలు, బేసిన్లు. వెనక వీణలాంటి సంగీతం. దాని మీద ఉమైమా గొంతు. మొహం లేదు, గొంతు మాత్రమే. పోయిన బుధవారం ఈ బల్ల దగ్గర, మొదటిసారి నోరు తెరిచి చెప్పుకున్న మాటలు. ఆ మధ్యాహ్నం నేను ఇంట్లో దాదీకి, మా నాన్నమ్మకి, కాపలా ఉన్నాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు. దాదీ నీళ్ళడిగింది. ఎన్నిసార్లు అడిగిందో నాకు తెలియదు. తనే లేవబోయి మంచం మీంచి పడిపోయింది. తుంటి విరిగింది. నెల తిరక్కముందే పోయింది. నేను నిద్రపోతున్నానని ఇంట్లో చెప్పాను. ఇంగ్లీషులో, ఆగి ఆగి చెప్పిన మాటలవి. ఆగిన చోటల్లా కత్తిరించి దగ్గరికి అతికారు. చివర పెద్ద అక్షరాలు: 'మీ ఫోన్ మీ దగ్గర్నుంచి ఎవరిని లాక్కుంది?'

కింద కామెంట్లు. ముసలామెను చంపిన పిల్ల అన్నారు. కన్నీళ్ళు తుడుచుకునే బొమ్మలు పెట్టారు. ఒకరు ఉమైమా పేరు రాశారు. ఇంకెవరో ఆమె ఫోటో పెట్టారు.

భానుమతి కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుంది. ఆ రోజు కెమెరా పట్టుకుని వచ్చింది గోపీకృష్ణ, కాలేజీ ప్రచార విభాగం మేనేజరు, బెజవాడ కుర్రాడు. చేతులు మాత్రమే ఆంటీ, బొమ్మే కానీ మాట ఉండదు అన్నాడు. ఈ గ్రూపు ఒకటుందని పైవాళ్ళకు కనిపించకపోతే వచ్చే టర్మ్ నుంచి గది ఇవ్వరన్నాడు. గది పోతుందని భయపడి ఆమే తలుపు తీసింది.

మొలకలను అలాగే వదిలి, గొడుగు కూడా తీసుకోకుండా బయల్దేరింది.

రెండు స్టాపుల దూరంలో ఉమైమా ఉండే బ్లాకు. తలుపు సగం తెరుచుకుంది. గదిలో పెట్టె తెరిచి ఉంది, బట్టలు మంచం మీద కుప్పగా ఉన్నాయి. ఉమైమా తలుపు పట్టుకునే నిలబడింది.

"ఎందుకొచ్చిండ్రు ఆంటీ?"

"నాకిప్పుడే తెలిసిందమ్మా. నిజంగా ఇప్పుడే—"

"మీరే గద ఆయన్ని లోపలికి రానిచ్చింది." గొంతు పెంచలేదు. "నేను మీకు చెప్పిన. మీ బల్ల దగ్గర చెప్పిన. దునియాకు చెప్పలే."

భానుమతి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"అబ్బా చూసిండు. మా మామూ పంపించిండంట. ఫోన్ చేసిండు. తిడతడేమో అనుకున్న. ఏం అనలే. ఊపిరి తీసుకునేది వినిపించింది, గంతే. పెట్టేసిండు." చేతిలోని చున్నీని వేళ్ళకు చుట్టుకుంది. "దాదీ ఆయన అమ్మి, ఆంటీ. నేను నిద్రపోతున్ననని చెప్పిన కదా. ఇన్నాళ్ళు నన్నే ఓదార్చిండు ఆయన. రేపొద్దున దిగుతడు. నన్ను తీస్కపోతడు."

"నువ్వు తిన్నావా?"

"నన్ను తిన్నవా అని అడగొద్దు!" అప్పుడు అరిచింది. "పోండి! తీపియ్యండి దాన్ని, పోండి!"

తలుపు మూసుకుంది.

భానుమతికి బస్సు కోసం నిలబడబుద్ధి కాలేదు. ఎండలో నడిచింది. నడుస్తున్నంతసేపూ, మొహమ్మీదే తలుపు మూసిన ఆ పిల్ల మీద ఆమెకు కోపం రాలేదు. తన మీద తనకొచ్చింది. చేతులు మాత్రమే అన్నవాడి మీదొచ్చింది. ఒకరి గుండెలోంచి వచ్చిన మాటను నలభై సెకన్లకు కుదించి, వీణ పెట్టి అమ్మిన వ్యవహారం మొత్తం మీద వచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఆఫీసులో గొంతు పెంచి మాట్లాడిన రోజు లేదు. ఎవరైనా తన భుజం మీంచి ఫైలు లాక్కున్నా నవ్వి ఊరుకునేది. ఆ నవ్వులన్నీ ఇప్పుడు మంటలా ఎగదన్నుతున్నాయి.

ప్రచార విభాగం నాలుగో అంతస్తు. గోడల్లేని పెద్ద హాలు, వరసగా బల్లలు, తెల్లటి తెరలు. చైనీయులు, మలయులు, ఇద్దరు ఫిలిపినో అమ్మాయిలు. తెలుగు తెలిసినవాడు గోపీకృష్ణ ఒక్కడే. ఆమె మాట తీరు విని, మా అమ్మమ్మ తెలుగులా ఉంది ఆంటీ అని ఎప్పుడూ ముచ్చటపడేవాడు. ఆమె ఇన్నాళ్ళూ అతన్ని గోపీ గారూ అనే పిలిచింది.

"ఒరే గోపీ!"

హాలంతా తలలు లేచాయి.

"ఏటి చేసీసినావురా? చేతులు మాత్రమే తీస్తానన్నావు కదరా!"

గోపీకృష్ణ సగం లేచి నిలబడ్డాడు. "ఆంటీ, మెల్లగా. ప్లీజ్, కూర్చోండి."

"కూర్చోను. తియ్యి దాన్ని. ఇప్పుడు తియ్యి."

"ఫేస్ లేదు కదా ఆంటీ. పేరు కూడా వెయ్యలేదు మనం. ఎవరో బయటవాళ్ళు ట్యాగ్ చేశారు, దానికి మనమేం—"

"మొకం లేపోతే? గొంతు మనిషిది కాదేటి?"

"ఎంతమంది పిల్లలు చూశారో తెలుసా మీకు? ఒక్కరోజులో మన పేజీలో దేనికీ ఇంత రీచ్ రాలేదు. దీన్ని చూసి వెయ్యిమంది ఫోన్ పక్కన పెడతారు. మీకు కావాల్సింది అదే కదా?"

"ఏలితో తోస్తూ చూస్తన్నారురా! చూసి, ముసలిదాన్ని చంపీసినావని రాసి, మళ్ళా పైకి తోస్తన్నారు. నా పిల్లల్ని దేన్నించి బయటికి లాగడానికి నేను చచ్చిపోతన్నానో, దాని నోట్లోకే ఇసిరీసినావు."

"మీరే కదా ఆంటీ రమ్మన్నారు."

"ఔను, నేనే రమ్మన్నాను. తప్పు నాదే. అందుకే నేనే వొచ్చినాను."

అతను చుట్టూ చూశాడు. అందరూ తెరల వైపు తిరిగినట్టు నటిస్తున్నారు. మాటలు ఎవరికీ అర్థం కావు, అరుపు అందరికీ అర్థమవుతోంది. అతను గొంతు తగ్గించాడు.

"పైనుంచి పర్మిషన్ లేకుండా తీస్తే నన్ను అడుగుతారు. వచ్చే నెలలో నా వర్క్ పాస్ రెన్యూవల్ ఉంది ఆంటీ. చిన్న బాబున్నాడు. మీకు తెలియంది కాదు."

"తెలుసు. నీ కొడుకు పుట్టినప్పుడు నీ పెళ్ళానికి పథ్యం వొండి తెచ్చింది నేనే." ఆమె బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. వేళ్ళ సందుల్లో ఇంకా ఆకుపచ్చ పొట్టు ఉంది. "ఆ పిల్ల తండ్రి ఇమానం ఎక్కుతున్నాడురా. కూతురు అబద్ధమాడినాదని ఊరోళ్ళు చూపిస్తే తెలుసుకున్నాడు. రేపు ఆ పిల్ల ఆయన మొకమెలా చూస్తాదో నువ్వు సెప్పు. సెప్పు, నేనెళ్ళిపోతాను."

గోపీకృష్ణ తెర వైపు తిరిగాడు. అతని మెడ ఎర్రబడింది. కూర్చున్నాడు. మౌస్ అందుకున్నాడు. తెర మీద ప్రశ్న వచ్చింది, నిజంగా తొలగించాలా అని. ఒక్క క్షణం ఆగి నొక్కాడు.

"పోయింది" అన్నాడు. "కానీ ఆంటీ, ఇప్పటికే వేరేవాళ్ళు సేవ్ చేసుకుని ఉంటారు. అవన్నీ నేను తీయలేను."

అది ఆమెకు తెలియదు. తీయిస్తే పోతుందనుకునే వచ్చింది. అంతదాకా నిటారుగా ఉన్న మనిషి పక్క బల్ల అంచు పట్టుకుంది. ఒక ఫిలిపినో అమ్మాయి లేచి మంచినీళ్ళ సీసా తెచ్చింది. భానుమతి అది తీసుకోకుండానే నడిచి వెళ్ళిపోయింది.

మూడింటికి మిసెస్ లిమ్ పిలిపించింది. స్టూడెంట్ అఫైర్స్ అధిపతి, భానుమతి కంటే పదేళ్ళు చిన్నది. మర్యాదగా కూర్చోమంది. ఆఫీసులో అందరూ భయపడ్డారంది. వీడియో విషయంలో పొరపాటు జరిగి ఉండవచ్చంది. కామెంట్లు ఆపేస్తే సరిపోయేదంది. వచ్చే టర్మ్ నుంచి బుధవారం గ్రూపును కొత్త యాప్‌లోకి మారుస్తున్నామంది. పిల్లలు రోజూ దాన్ని తెరిచి, ఆ రోజు ఫోను ఎంతసేపు వాడారో నమోదు చేస్తారు. బాగా తగ్గించినవాళ్ళకు బ్యాడ్జీలు వస్తాయి.

"రోజూ తెరవాలా?" అంది భానుమతి ఇంగ్లీషులో.

"రోజుకు రెండుసార్లు. అలవాటు కావాలి కదా."

భానుమతి ఆమె వైపు చూసింది. ఆ మొహంలో హేళన లేదు. ఆమె నిజంగానే మంచి చేస్తున్నాననుకుంటోంది. ఉమైమా సంగతి కాలేజీ ఏం చేస్తుందని భానుమతి అడిగింది. కౌన్సెలర్ దగ్గర వచ్చే వారం సమయం ఇప్పిస్తామని మిసెస్ లిమ్ చెప్పింది. తండ్రి రేపు పొద్దున దిగుతున్నాడని భానుమతి అంది. మిసెస్ లిమ్ అది రాసుకుంది. తరవాత, గోపీకృష్ణకు క్షమాపణ చెబుతూ నాలుగు వాక్యాలు పంపితే విషయం ఇంతటితో ముగుస్తుందని చెప్పింది.

"అతనికి నేను చెప్పాల్సింది చెప్పేశాను" అంది భానుమతి.

ఆమె మెడలో రెండు తాళ్ళున్నాయి, కళ్ళజోడుదీ, ఆఫీసు పాసుదీ. పాసు తాడు తల మీంచి తీస్తుంటే కళ్ళజోడు తాడులో చిక్కుకుంది. మిసెస్ లిమ్ సాయం చేయడానికి లేవబోయి, ఆగిపోయింది. భానుమతి నిదానంగా చిక్కు విప్పుకుని, పాసును బల్ల మీద పెట్టింది. ఇంత చిన్నదానికా, ఆలోచించుకోండి, సెలవు తీసుకోండి అంది మిసెస్ లిమ్. భానుమతి తల ఊపి బయటికొచ్చింది. కారిడార్లో పాఠం నుంచి వస్తున్న పిల్లలు తప్పుకుని దారిచ్చారు. ఇద్దరు ముగ్గురు ఆంటీ అని పలకరించారు. లిఫ్టు దిగింది. గాజు తలుపులు తెరుచుకున్నాయి, ఆమె వెనక మూసుకున్నాయి. అవి మళ్ళీ తెరవాలంటే పాసు కావాలి.

మళ్ళీ ఉమైమా బ్లాకుకే వెళ్ళింది. తలుపు తట్టి, "తినమని అడగనులే. తీయించినాను. అది చెప్పడానికొచ్చినాను" అంది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి.

"పోయిందా?"

"మన పేజీలోంచి పోయింది. వేరేవాళ్ళు దాచుకున్నవి ఉంటాయంట. అబద్ధం సెప్పను."

ఉమైమా గోడకు ఆనుకుని అలాగే నేల మీదికి జారి కూర్చుంది. భానుమతి ఎదురుగా కూర్చోవడానికి గోడ పట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు ఊని, నెమ్మదిగా దిగింది. ఇద్దరి మధ్యా తెరిచిన పెట్టె. ఫ్యాను తిరుగుతోంది. కింద ఆటస్థలంలో పిల్లల కేకలు.

"రేపు నేను కూడా ఎయిర్‌పోర్టుకొస్తాను" అంది భానుమతి. "మీ అబ్బాతో మాట్లాడతాను. ఆయన నన్ను తిట్టనీ. తిట్టడానికి ఎదురుగా ఒక మనిషుండాలి కదా."

"మీకు ఆఫీసు లేదా?"

"లేదు."

ఉమైమా ఆమె మెడ వైపు చూసింది. కళ్ళజోడు తాడు ఒక్కటే ఉంది. కాసేపటికి మంచం మీది బట్టల్లోంచి ఒక కుర్తా తీసి, మడిచి, పెట్టెలో పెట్టకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"అబ్బాకు నేనే చెప్త ఆంటీ" అంది. "వీడియో చెప్పింది గద, ఇంగ నేను కూడా చెప్పాలె. మీరు పక్కనుండుండ్రి, సాలు."

భానుమతి తల ఊపింది. కోపం పోలేదు. అది ఇంకా ఛాతీలోనే ఉంది, కానీ ఇప్పుడు కూర్చోనిస్తోంది. ఉమైమా లేచి కిటికీ తెరిచింది. వాన ముందటి గాలి లోపలికొచ్చింది. భానుమతి అలవాటుగా భుజాల మీదికి ఏదో లాక్కోబోయింది. చేతికి ఏమీ తగల్లేదు. ఆఫీసు చలికి రోజూ వేసుకునే స్వెట్టరును అక్కడే వదిలి వచ్చింది. మోచేతుల దగ్గర పలచబడ్డ బూడిదరంగు స్వెట్టరు, ఎడమ జేబులో సగం అయిపోయిన దగ్గు బిళ్ళల పొట్లంతో, ఆ కౌంటరు వెనక కుర్చీ వీపుకు ఇంకా వేలాడుతూనే ఉంటుంది.